దుప్పటి తీయని ఏడు

అరండల్‌పేటలో మా పచ్చళ్ల కొట్టు వెనక గదిలో
తొమ్మిది జాడీలు.
తొమ్మిదింటి మీదా సుద్దముక్కతో ఒకటే పేరు:
సైదాబీ ఉత్తరపు చెక్క.
కింద ఏడు మారుతుంది, అంతే.

అరవై సెంట్ల నల్లరేగడి అది,
వట్టిచెరుకూరు దాటాక కాలవ కట్ట మలుపు తిరిగే చోట.
పక్క చేలో కాయ చవక, ఎదుటి చేలో నునుపు.
నేను మాత్రం ఏటా మాఘంలో బండేసుకుని
ఈ మూలకే వస్తాను.
నాలుకకి జీతం తీసుకునే మనిషిని.

ఈ ఏడు ఆమె నన్ను గట్టు మీదే ఆపింది.
"ముందే చెబుతున్నా నాంచారయ్యా,
పుష్యంలో ట్రంకుపెట్టెలోంచి దుప్పటి తీయలేదు మేం.
మా ఆయన మోటరు కాడ చొక్కా ఇప్పుకొని పడుకున్నాడు.
ఇంక కాయ సంగతి నువ్వే ఆలోచించుకో."

పగలు తిన్న ఎండని
మిరప రాత్రిపూట అరిగించుకుంటుంది.
ఈసారి రాత్రులు కూడా పగటి కూలికే వెళ్లాయి.
పూత సగం రాలింది.
నిలిచిన పిందె పచ్చగా ఉండాల్సిన నాళ్లు ఉండకుండానే
ఎర్రబడి, ఎరుపు కూడా దాటి
నేరేడు తొక్క రంగు దగ్గర ఆగింది.

ఒకటి తుంచాను.
పోయినేడు ఇదే సాల్లో కోసిన వేళ్లకి
దోసకాయ చెక్కు వాసన, కాస్త తడిగడ్డి.
ఇప్పుడు, పాకం అడుగంటబోతుంటే
గరిట ఆపిన క్షణపు వాసన.
కొరికాను.
కారం గుమ్మంలో చెప్పులిప్పలేదు, నేరుగా లోపలికొచ్చింది.
పులుపు ఎప్పుడూ కూర్చునే చోట, నాలుక అంచున,
ఎవరూ లేరు.

ఓనరు ఫోన్లో అన్నాడు:
"జనానికి పోయినేటి రుచే కావాలి.
పెదనందిపాడు కాయ రెండు బస్తాలు పంపిస్తున్నా,
మూడో వంతు కలిపెయ్. ఎవడికి తెలుస్తుంది?"
నాకు తెలుస్తుందని అనలేదు.
బండి మీద ఇంకా పదకొండు వాయిదాలున్నాయి.

స్పీకర్లో విన్నదామె.
తలగుడ్డ విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకుంది.
"కలుపుకోండయ్యా, డబ్బులిచ్చాక కాయ మీది.
జాడీ మీద నా పేరు మాత్రం చెరిపెయ్యి.
చేనుకి ఈ ఏడు జరమొచ్చింది.
జరంలో మనిషి మాట ఒకలాగుంటది,
అట్టాగని పక్కింటోళ్ల గొంతు అరువు తెస్తామా?"

నూట నలభై కిలోలనుకున్నది తొంభై మూడే తూగింది.
తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, తొడిమలు తీసి
రోట్లో వేస్తే రసం ఊరలేదు,
రోకలి కింద గింజలదే గలాటా.
కొత్త చింతపండు కొలిచేటప్పుడు చెయ్యి ఆగింది.
పెంచితే అది నా పులుపు, చేనుది కాదు.
పిడికెడు పెంచాను. అబద్ధమెందుకు.
ఉప్పు ఎప్పటంతే.

మూడో నాడు మూత తీస్తే మూగగా ఉంది.
ఆరో నాడూ అంతే.
వాసెన కట్టేసి
దాని మానాన దాన్ని వదిలేశాను.

ఆరుద్ర కార్తెలో, కరెంటు పోయిన మధ్యాహ్నం,
వేడన్నం, నువ్వుల నూనె, గోలీ అంత పచ్చడి.
మొదట మంట.
తర్వాత నేరేడుపళ్లు తిన్న నోటి వగరు.
ఆ వెనక, చాలా వెనక,
బావి నీళ్లకి చెంబు తగిలినట్టు ఒక చల్లదనం.
మంచు అనుకుందామంటే మంచు పడనే లేదు.
చొక్కా లేని ఆ మనిషి
తెల్లారుజామున మూడింటికి లేచి వదిలిన నీళ్లేమో.

కొట్టుకి చాలామందే తిరిగొచ్చారు,
పాత రుచి కాదని.
పెదనందిపాడు బస్తాలు రెండూ
గోడకానుకుని వరుగులైపోతున్నాయి,
ఓనరు ఇంకా వెనక గదిలోకి రాలేదు.

నిన్న బ్రాడీపేట నుంచి ఆసుపత్రి ఆయా తులశమ్మ
ఖాళీ సీసా కడిగి తెచ్చి త్రాసులో పెట్టింది.
ఏ ఏటిది ఇమ్మంటావని అడిగాను.
కొంగుతో ముక్కు తుడుచుకుంటూ
"అదే," అంది, "ఆ కోపంగా ఉన్నది."